కాగితం మీద అంతరిక్ష టెలిస్కోపు – 4వ పాఠం: ఆ 2.7 సంగతి ముందు తేలాలి

ఈ పాఠంలో అద్దాన్ని ముక్కలు చేసి, మడిచి, రాకెట్లో సర్దాలనుకున్నాం. అది వచ్చే పాఠానికి వాయిదా. హబుల్, వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపులు ఎంత సన్నని వివరం చూపగలవో తేల్చమని పోయినసారి ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు.

ఒకరికి వెబ్ టెలిస్కోపు చూపగల అతి సన్నని వివరం 77,000 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వచ్చింది. అంటే 21 డిగ్రీల పైమాటే. పూర్ణచంద్రుణ్ణి పక్కపక్కన నలభై సార్లు పేర్చినంత వెడల్పన్నమాట! ఆయన తరంగదైర్ఘ్యం 2 మైక్రాన్లను (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) 2 మీటర్లుగా వేసేశారు. ఇది చిన్న పొరపాటే, దీనికి నా దగ్గర అడ్డదారి ఉంది. పుస్తకాల్లో 1.22, 206265 అని రెండు అంకెలుంటాయి. నేనవి వాడను. తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో, అద్దం వ్యాసాన్ని మీటర్లలో తీసుకోండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదానిలో పావు వంతు తీసుకోండి. జవాబు ఆర్క్‌సెకన్లలోనే వస్తుంది. అది ఎంత చిన్నదైతే బొమ్మ అంత స్పష్టం. 25 మిల్లీమీటర్ల నాణేన్ని 5 కిలోమీటర్ల దూరంలో పెడితే కనిపించే వెడల్పు దాదాపు ఒక ఆర్క్‌సెకను. ఇది గుర్తుంటే 77,000 లాంటి జవాబు రాగానే మీకే అనుమానం వస్తుంది.

నాకు చిరాకు తెప్పించింది ఇంకొకటి. సగం మందికి పైగా ఇలా రాశారు: "హబుల్ అద్దం 2.4 మీటర్లు, వెబ్ అద్దం 6.5 మీటర్లు. కాబట్టి వెబ్ బొమ్మ 2.7 రెట్లు స్పష్టం." భాగహారం సరిగ్గానే ఉంది. కానీ సూత్రంలో తరంగదైర్ఘ్యం, వ్యాసం అని రెండు అంకెలుంటే మొదటిదాన్ని మింగేశారు.

హబుల్ ప్రధానంగా మన కంటికి కనిపించే వెలుగు, అతినీలలోహిత కాంతి చూస్తుంది. 0.5 మైక్రాన్‌ను 2.4తో భాగించి పావు వంతు తీస్తే 0.052 ఆర్క్‌సెకను. వెబ్ పరారుణ కాంతి కోసం కట్టినది. 2 మైక్రాన్లను 6.5తో భాగించి పావు వంతు తీస్తే 0.077. అంటే అంత పెద్ద అద్దం పెట్టుకుని కూడా అక్కడ వెబ్ కొంచెం వెనకే ఉంది! 10 మైక్రాన్ల దగ్గరైతే ఇంకా వెనకబడి 0.38కి చేరుతుంది.

మరి 2.7 ఎక్కడ నిజం? ఇద్దరినీ ఒకే రంగు దగ్గర నిలబెట్టినప్పుడు. హబుల్ కూడా సుమారు 1.7 మైక్రాన్ల దాకా చూడగలదు. 1.6 దగ్గర పోల్చండి: హబుల్‌కి 0.167, వెబ్‌కి 0.062. ఇప్పుడు 2.7 వచ్చింది. నన్నడిగితే వెబ్‌ను పోల్చాల్సింది హబుల్‌తో కాదు, 2003లో వెళ్లిన స్పిట్జర్‌తో. అదీ పరారుణ టెలిస్కోపే, అద్దం 85 సెంటీమీటర్లే. 8 మైక్రాన్ల దగ్గర స్పిట్జర్‌కి 2.35, వెబ్‌కి 0.31. ఏడున్నర రెట్లు! అసలు గెలుపు అక్కడుంది.

అంత నష్టపోయి పరారుణం ఎందుకంటారా? విశ్వం వ్యాకోచించడం వల్ల దూరపు గెలాక్సీల వెలుగు దారిలోనే సాగిపోతుంది. ఆ సాగుడు కొలతే రెడ్‌షిఫ్ట్; దానికి ఒకటి కలిపితే ఎన్ని రెట్లు సాగిందో వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 10 ఉన్న గెలాక్సీలో హైడ్రోజన్ విడిచిన 0.1216 మైక్రాన్ల అతినీలలోహిత కాంతి మనకు చేరేసరికి 11 రెట్లు సాగి 1.34 అవుతుంది. కాబట్టి ముందు ఏం చూడాలో తేల్చుకోండి, తరవాతే అద్దం. "ఎన్ని రెట్లు జూమ్?" అని మాత్రం దయచేసి అడగొద్దు.

ఇక కొత్త విషయం, క్లుప్తంగా. అద్దం ఎంత నునుపుగా ఉండాలి? మొత్తం తప్పు, సగటున, తరంగదైర్ఘ్యంలో 14వ వంతు దాటకూడదని లెక్క. అయితే అద్దంలో గుంట ఉంటే వెలుగు పోను రాను రెండుసార్లు ఆ లోతు నడుస్తుంది. అందుకే అద్దానికి దక్కేది 28వ వంతే. 0.5 మైక్రాన్‌కి 18 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు), 2 మైక్రాన్లకి 71. పొడవైన తరంగం ఇక్కడ మనకు కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది.

నునుపు ఉంటే చాలదు, ఆకారమూ కుదరాలి. 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ అద్దం అద్భుతంగా నునుపు, కానీ అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైపోయింది. పాలిష్ చేసేటప్పుడు ఆకారం కొలిచిన నల్ కరెక్టర్ అనే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించి ఉంది. వేరే పరికరాలు తేడా చూపించినా వాటినే తప్పుపట్టారు. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి, ఆ తప్పును సరిదిద్దే అద్దాలు అమర్చి వచ్చారు. వెబ్‌కి ఆ వీలు లేదు, అది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అందుకే దాని 18 ముక్కల్లో ఒక్కోదానికి వెనక 7 మోటార్లు పెట్టి, అక్కడికి చేరాక సర్దారు.

అభ్యాసం ఒక్కటే. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం 37.5 సెంటీమీటర్లు. 0.15 మైక్రాన్ల దగ్గర అది ఎంత చూపగలదో లెక్కవేయండి. నిజంగా దాని బొమ్మల్లో వచ్చేది సుమారు 1.5 ఆర్క్‌సెకన్లు. మీకు వచ్చేదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా ఎక్కడిదో ఒక పేజీలో రాయండి. అద్దాన్ని నిందించకండి. వెలుగును నమోదు చేసే డిటెక్టర్ వైపు, ఉపగ్రహం కదలిక వైపు చూడండి. ప్రతి అంకె పక్కన మైక్రానో మీటరో రాయని జవాబులు ఈసారి చదవను.