అమెరికా ప్రయాణానికి ముందు పెద్దవాళ్ల కాళ్ల విషయంలో జాగ్రత్తలు

మా అమ్మ డల్లాస్‌లో దిగిన నాలుగో రోజు సంగతి. సోఫాలో కూర్చుని ఎడమ పిక్కకి నొప్పి బామ్ రాసుకుంటోంది. ఏమైందమ్మా అంటే, "ఏం లేదు, అంతసేపు కూర్చున్నా కదా, పట్టేసింది" అంది. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి చూశాను. ఎడమ పిక్క కుడిదానికంటే బాగా లావుగా ఉంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. వేలితో నొక్కితే పడిన గుంట కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేసి, పిక్క లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందన్నారు. మూడు నెలలు రక్తం పలచబడే మందులు వాడింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ బామ్ రాసుకుంటూనే ఇంకో రెండు రోజులు గడిపేసి ఉంటే ఏమయ్యేదో అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఈ వేసవికి మీ ఇంటికీ అమ్మానాన్నలు వస్తున్నారా? అయితే ఈ నాలుగు మాటలూ ముందే తెలుసుకోండి.

గుండె నుంచి కాళ్లకి రక్తం దిగడం తేలిక, తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఆ పని చేసేది పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా అది బిగుసుకుని సిరల్ని పిండుతుంది, సిరల లోపల ఉండే కవాటాలు ఆ రక్తాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. కదలకుండా కూర్చుంటే ఈ పంపు ఆగినట్టే. రక్తం కాళ్లలో నిలుస్తుంది, నిలిచిన చోట గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణానికే ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 4 గంటలు దాటి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే ఇలా గడ్డ కట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుంది. విమానమే కాదు, బస్సు, కారు, రైలు అయినా అంతే. అలాగని అందరికీ వచ్చేది కాదు, ఆ నివేదిక లెక్కలో దాదాపు 6000 మందిలో ఒకరికి. ఆ ఒక్కరు మన ఇంట్లోవాళ్లు కాకుండా చూసుకోవడానికే ఈ జాగ్రత్తలన్నీ.

ముందు మీవాళ్లు ఎన్ని గంటలు కూర్చోబోతున్నారో లెక్క వేయండి. గుంటూరు నుంచి శంషాబాద్‌కి కారులో ఐదారు గంటలు. ఎయిర్‌పోర్టులో మూడు గంటలు. దోహాకో దుబాయ్‌కో నాలుగు గంటలు, అక్కడ మళ్లీ ఎదురుచూపు, ఆ తర్వాత డల్లాస్‌కి పదహారు గంటలు. పైగా భాష రాదని, దారి తెలియదని మనమే వీల్‌చైర్ బుక్ చేస్తాం. ఇమిగ్రేషన్ దగ్గర అది పెద్ద సాయమే, నేను కాదనను. కానీ నడవగలిగినవాళ్లకి నడిచే ఆ కాస్త అవకాశం కూడా పోతుంది. మధ్యలో విమానం మారే చోట గేటు దగ్గర దిగాక, కూర్చోకుండా అటూ ఇటూ పది నిమిషాలు నడవమని గట్టిగా చెప్పండి. కారులో కూడా రెండు గంటలకోసారి ఆపి దిగాలి.

తర్వాత నీళ్లు. మనవాళ్లు చాలామంది విమానంలో నీళ్లు తాగరు. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే పక్కవాళ్లని లేపాలి, అదొక మొహమాటం. మా అమ్మ చేసింది సరిగ్గా ఇదే. కిటికీ సీటులో శాలువా కప్పుకుని, పక్కన నిద్రపోతున్న అబ్బాయిని లేపడం ఇష్టంలేక తొమ్మిది గంటలు లేవలేదట. అందుకే నడవ పక్క సీటు ముందే తీసుకోండి, కొంచెం డబ్బు ఎక్కువైనా సరే. కొందరు బీపీ కోసం వాడే నీరు తీసే మాత్రని ఆ రోజుకి మానేస్తారు. డాక్టరు చెప్పకుండా ఆ పని చేయొద్దు. వేసుకోవాల్సిన టైమ్ ఎలా మార్చుకోవాలో బయల్దేరే ముందే అడిగి రాసుకోండి. మాత్రలు, ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి.

సీటులో మఠం వేసుకుని కూర్చోవద్దు, కాలు మీద కాలు వద్దు. కాళ్ల దగ్గర బ్యాగు పెడితే చాపుకునే చోటు పోతుంది, దాన్ని పైన పెట్టించండి. మడమ నేలకి ఆనించి వేళ్లు పైకి లేపడం, మళ్లీ వేళ్లు ఆనించి మడమ లేపడం, గంటకోసారి ఇరవై ముప్పైసార్లు చేస్తే పిక్క పంపు నడుస్తుంది. ఇంట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి రెండు రోజులు చేయించండి, ఫోన్‌లో చెబితే మర్చిపోతారు. నిద్రమాత్రలు, మద్యం వద్దు. వాటితో గంటలకొద్దీ ఒకే భంగిమలో ఉండిపోతారు.

కొందరు మాత్రం టికెట్ కొనకముందే డాక్టరుని కలవాలి. ఇదివరకు గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్య మోకాలి లేదా తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, బాగా బరువున్నవాళ్లు, కాళ్లలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లు, గర్భిణులు, కాన్పయి ఆరు వారాలు దాటనివాళ్లు. పీరియడ్స్ వాయిదాకి మాత్రలు వేసుకునే అలవాటున్న ఆడవాళ్లు కూడా. ఆ మాత్రలు చాలామంది అడక్కుండానే షాపులో కొనేస్తారు, నాకు అదే భయం.

ముప్పు ఎక్కువున్నవాళ్లకి డాక్టర్లు మోకాలి కిందివరకు వచ్చే, కాలిని బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ సాక్స్ రాస్తారు. అందరికీ అవసరం లేదు. కొనేటప్పుడు పొద్దున్నే, కాళ్లు వాచకముందే కొలత తీయించాలి. పైన ఎలాస్టిక్ ముడుచుకుపోయి కోతలా పడితే మేలు కంటే కీడు ఎక్కువ. షుగర్ ఉండి పాదాలకి రక్తం సరిగా అందనివాళ్లు వీటిని సొంతంగా వేసుకోకూడదు. "ఒక ఆస్పిరిన్ వేసుకుని ఎక్కెయ్" అని బంధువులు ఇచ్చే సలహా కూడా డాక్టరు చెబితేనే.

దిగాక కాళ్లు రెండూ సమానంగా వాచి, ఎత్తులో పెట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గితే సాధారణంగా భయం లేదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అదే రోజు చూపించాలి. నూనె రాసి పిసకొద్దు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం ఆలోచించకుండా అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి.

ఇవి విమానం దిగిన వెంటనే రావాలని లేదు, కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. అమెరికాలో డాక్టరంటే వేలకి వేలు అని విని ఉంటారు కాబట్టి పెద్దవాళ్లు నొప్పిని దాస్తారు. మా అమ్మ దాచింది. అందుకని వాళ్లు చెప్పేదాకా చూడకండి. మొదటి నెలంతా రాత్రి పడుకునే ముందు, కబుర్లు చెబుతూ, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి మీరే చూడండి. తిరుగు ప్రయాణమయ్యాక ఆ పని ఊళ్లో ఎవరు చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి.