డిష్‌వాషర్‌లో వేసే పిడి గిన్నెలు కొనే ముందు జాగ్రత్తలు

గిన్నె అడుగున ‘డిష్‌వాషర్ సేఫ్’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదు. అది ఏ లోహంతో చేసినదో అడిగి తెలుసుకోవాలి. పాలు, టీ, చారు కాచే గిన్నెకు 304 రకం స్టీలు, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసినది, అన్నిటికంటే నమ్మదగినదని నా అభిప్రాయం.

ఉత్త అల్యూమినియం గిన్నెను, కళాయి పూసిన ఇత్తడి గిన్నెను ఈ యంత్రం కోసం కొనవద్దు. డిటర్జెంట్‌లోని క్షారం అల్యూమినియాన్ని నల్లబరుస్తుంది, హార్డ్ ఆనోడైజ్డ్ పొరను, అంటే అల్యూమినియం మీద విద్యుత్తుతో గట్టిపరిచిన పైపొరను, కూడా క్రమంగా తినేస్తుంది.

ట్రైప్లై గిన్నె, అంటే రెండు స్టీలు రేకుల నడుమ అల్యూమినియం పెట్టి మూడు పొరలుగా చేసినది, అయితే అంచును వెలుతురులో తిప్పి చూడండి. ఆ రేకుల నడుమ బూడిద రంగు గీత కనిపిస్తే లోపలి అల్యూమినియం బయటపడి ఉన్నట్టే. యంత్రంలో కడగగా కడగగా ఆ గీత గాడిలా కరిగిపోయి, మిగిలిన స్టీలు అంచులు వేలు తెగేంత పదునెక్కుతాయి. అంచు మూసి ఉన్న గిన్నెకు నాలుగు డబ్బులు ఎక్కువైనా వెనుకాడకండి.

చెక్క పిడి వద్దు. పిడి పొడవుతో సహా గిన్నె మీ యంత్రం అరలో పడుతుందో లేదో ఇంట్లోనే కొలుచుకుని వెళ్లండి.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవారు అడుగుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుందో లేదో చూసుకోవాలి.

ఎంత మంచి స్టీలైనా ఉప్పు చారు ఎండిన గిన్నెను రాత్రంతా అలాగే ఉంచితే సన్నని గుంటలు పడవచ్చు కనుక, ఒకసారి నీళ్లతో తొలిచి యంత్రంలో పెట్టండి.