సుప్రీంకోర్టులో ఎస్ఎల్‌పీ (స్పెషల్ లీవ్ పిటిషన్, అంటే అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) వేసే ముందు జాగ్రత్తలు

సాధారణంగా హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజులే గడువు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) వెంటనే దరఖాస్తు చేయండి. కాపీ తయారీకి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు. అంతకు మించి ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో విడిగా దరఖాస్తు పెట్టాలి. "ఒంట్లో బాగోలేదు" అంటే చాలదు, ఆధారం జతచేయాలి.

వకాలత్ అడ్వకేట్-ఆన్-రికార్డ్ (సుప్రీంకోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న లాయరు) పేరిటే ఉండాలి. మీ ఊరి లాయరు ఎంత సీనియరైనా ఆ అర్హత లేకుండా దాఖలు చేయలేరు.

తెలుగు దస్తావేజులకు ఇంగ్లీషు అనువాదం తప్పనిసరి. సర్వే నంబర్లు, తేదీలు మూలంతో సరిచూడండి. ఎక్కువ తప్పులు ఇక్కడే.

కోర్టుకు వెళ్లి విచారణ చూడాలంటే సుప్రీంకోర్టు 'సుస్వాగతం' పోర్టల్‌లో ఈ-పాస్ తీసుకోండి, అసలు గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ప్రత్యక్ష ప్రసారమైతే చూడండి, రికార్డు చేయకండి.