మీ ఊరి మురుగునీటిలో బర్డ్ ఫ్లూ: పరీక్ష ఫలితాన్ని ఎలా చదవాలి?

“మా కౌంటీ మురుగునీటిలో హెచ్5 బయటపడిందట” అన్న కబురు (హెచ్5 అంటే బర్డ్ ఫ్లూ వైరస్ రకం) విని కోడిగుడ్లు కొనడం మానేసినవారు ఉన్నారు. అదే కబురును ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, ఆరోగ్యానికి మంచిదని పాశ్చరైజ్ చేయని పచ్చిపాలు తాగుతూనే ఉన్నవారూ ఉన్నారు. ఆ ఫలితం దేని గురించి చెబుతుందో ఇద్దరికీ తెలియకపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని, ఆ ఫలితం ఎక్కడ దొరుకుతుందో, దానిని ఏ వరుసలో చదవాలో, చదివాక ఇంట్లో ఏ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

2024 మార్చిలో టెక్సస్, కాన్సస్ రాష్ట్రాల పాడి ఆవులలో హెచ్5 రకానికి చెందిన బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉన్నట్టు నిర్ధారణ అయింది. కోవిడ్ కాలంలో, 2020లో, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మొదలుపెట్టిన జాతీయ మురుగునీటి నిఘా వ్యవస్థ, స్టాన్‌ఫర్డ్, ఎమరీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు నడిపే వేస్ట్‌వాటర్‌స్కాన్ అనే కార్యక్రమం అప్పటికే పనిలో ఉన్నాయి. ఆ వసంతకాలంలో, సాధారణ ఫ్లూ తగ్గుముఖం పట్టవలసిన రోజులలో, టెక్సస్‌లోని అమరిల్లో మురుగునీటిలో ఇన్‌ఫ్లుయెంజా-ఎ (ఏటా వచ్చే ఫ్లూ, బర్డ్ ఫ్లూ రెండూ చేరే వైరస్ వర్గం) మాత్రం పెరిగింది. ఆ నమూనాలను ప్రత్యేకంగా హెచ్5 జన్యువు కోసం పరీక్షించగా అది దొరికింది. ఆ తరువాత టెక్సస్‌లోనే వేరొక పరిశోధక బృందం పది నగరాల మురుగునీటిలో ఇదే వైరస్ జాడను గుర్తించింది. రోగుల సంఖ్యతో మురుగునీటి అంకె పొసగకపోవడమే అమరిల్లోలో అసలు ఆధారం అయిందన్న సంగతిని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఫలితాన్ని చదివేటప్పుడు మనం చేయవలసిన పోలిక కూడా అదే.

ఈ ఫలితాలను చూపే వెబ్‌పేజీని, అంటే డాష్‌బోర్డును, తెరవడానికి ముందు మీ ఇంటి నీటి బిల్లును ఒకసారి తీసి చూడండి. అందులో నీటి రుసుముతో పాటు సూయర్ రుసుము కూడా ఉంటే మీ ఇంటి మురుగు ఏదో ఒక శుద్ధి కేంద్రానికి చేరుతున్నట్టే. లేకపోతే మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉండే అవకాశం ఎక్కువ; అప్పుడు ఊరి ఫలితంలో మీ ఇంటి వాటా ఏమీ ఉండదు, అయినా చుట్టుపక్కల పరిస్థితి తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. బిల్లు మీద ఉన్న సంస్థకు ఫోన్ చేసి, మా వీధి మురుగు ఏ శుద్ధి కేంద్రానికి వెళ్తుందని అడిగితే చెబుతారు. ఒకే నగరంలో రెండు మూడు కేంద్రాలు ఉండవచ్చు కనుక ఈ ప్రశ్న అడగకుండా ముందుకు వెళ్లడం వల్ల ప్రయోజనం ఉండదు.

కేంద్రం పేరు తెలిశాక వేస్ట్‌వాటర్‌స్కాన్ జాబితాలో దానిని వెతకండి. అక్కడ ఒక్కొక్క కేంద్రానికి విడివిడిగా గ్రాఫ్ ఉంటుంది. అందులో లేకపోతే సీడీసీ మురుగునీటి పేజీలో ఏవియన్ ఇన్‌ఫ్లుయెంజా విభాగాన్ని, ఆపైన మీ రాష్ట్ర ఆరోగ్య శాఖ పేజీని చూడండి. ఫలితం పక్కన ఉన్న తేదీని తప్పనిసరిగా చూడాలి. చేతికి వచ్చిన స్క్రీన్‌షాట్ ఏ నెలదో తెలియకుండా దాని మీద చర్చ పెట్టుకోవడం వృథా ప్రయాస.

ఇక ఆ అంకె ఎలా పుడుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. శుద్ధి కేంద్రంలోకి మురుగు ప్రవేశించే చోట ఒక యంత్రం 24 గంటల పాటు కొద్దికొద్దిగా నీటిని తోడి ఒకే పాత్రలో పోస్తుంది. కొన్ని చోట్ల దీనికి బదులు తొట్టి అడుగున పేరుకున్న మడ్డిని తీసుకుంటారు, ఎందుకంటే ఫ్లూ వంటి వైరస్‌లు నీటిలో తేలడం కంటే మడ్డికి అంటుకొని ఉండడమే ఎక్కువ. ప్రయోగశాలలో దాని నుంచి వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, డిజిటల్ పీసీఆర్ పద్ధతిలో ఆ ద్రవాన్ని సుమారు 20,000 సూక్ష్మ బిందువులుగా విడగొడతారు. వెతుకుతున్న జన్యువు ఉన్న బిందువు వెలుగుతుంది, లేనిది వెలగదు; వెలిగినవాటిని లెక్కపెట్టి పరిమాణం కడతారు. ఒక రోజు వాన పడి మురుగు పలచబడితే లెక్క తప్పుతుంది కదా అన్న సందేహం రావచ్చు. దానికి వారు కనిపెట్టిన ఉపాయం మనవారికి నచ్చుతుంది: మిరప జాతి మొక్కలకు తెగులు తెచ్చే ఒక వైరస్ మనం తినే కారం, సాస్‌ల ద్వారా కడుపులోకి వెళ్లి, మనకు ఏ హానీ చేయకుండా మలంతో బయటికి వస్తుంది. అది అన్ని ఊళ్ల మురుగులోనూ పుష్కలంగా ఉంటుంది కనుక, దానిని కొలబద్దగా పెట్టుకొని ఫ్లూ జన్యువుల అంకెను సరిచేస్తారు.

గ్రాఫ్ చదివేటప్పుడు మొదట ఇన్‌ఫ్లుయెంజా-ఎ గీతను చూసి, తరువాతనే హెచ్5 గీతకు రావాలి. శీతాకాలంలో ఇన్‌ఫ్లుయెంజా-ఎ పైకి ఎక్కితే అది చాలావరకు మనుషులలో ఏటా తిరిగే హెచ్1, హెచ్3 ఫ్లూ వల్లనే. దానిని బర్డ్ ఫ్లూగా పొరబడకూడదు. మే, జూన్ నెలలలో ఆ గీత పైకి లేచి, ఆసుపత్రులలో మాత్రం ఫ్లూ కేసులు లేకపోతే అప్పుడు ఆలోచించాలి. హెచ్5 విషయానికి వస్తే, ఒకే ఒక్క నమూనాలో కనబడి మరుసటి వారం మాయమైనదానికీ, వరుసగా నాలుగైదు నమూనాలలో కనబడుతున్నదానికీ తేడా ఉంది. రెండవదానికే నేను విలువ ఇస్తాను. “కనబడలేదు” అని ఉన్నంత మాత్రాన వైరస్ అసలు లేదని అర్థం కాదు, పరీక్షకు అందేంత పరిమాణంలో లేదని మాత్రమే అర్థం.

అన్నింటికంటే ముఖ్యమైన పరిమితి ఏమిటంటే, దొరికిన జన్యువు మనిషి నుంచి వచ్చిందో, ఆవు పాల నుంచి వచ్చిందో, పక్షి రెట్ట నుంచి వచ్చిందో ఈ పరీక్ష చెప్పలేదు. ఆ వైరస్ బతికి ఉందో లేదో కూడా చెప్పలేదు. 2024 ఏప్రిల్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దుకాణాలలోని పాలను పరీక్షించినప్పుడు దాదాపు ప్రతి 5 నమూనాలలో ఒకదానిలో వైరస్ జన్యు శకలాలు దొరికాయి, కానీ పాశ్చరైజ్ చేసిన ఆ పాలలో బతికున్న వైరస్ ఎక్కడా దొరకలేదు. అటువంటి పాలు విరిగిపోయాయని ఎవరైనా సింకులో పారబోసినా ఆ శకలాలు మురుగులో కలుస్తాయి. పాల కర్మాగారం కడిగిన నీళ్లు వచ్చే కేంద్రంలోనైతే చెప్పనక్కరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాలలో వాన నీరు, ఇళ్ల మురుగు ఒకే గొట్టంలో ప్రవహిస్తాయి కనుక రోడ్ల మీది పక్షి రెట్టలు కూడా అందులోకే చేరుతాయి. అందుచేత మీ కేంద్రంలో హెచ్5 పదేపదే కనబడితే, నగర అధికారులను అడగవలసినవి ఈ రెండు ప్రశ్నలు: ఈ కేంద్రానికి పాడి, కోళ్ల పరిశ్రమల వ్యర్థజలం వస్తుందా? వాన నీటి కాలువలు ఇందులో కలుస్తాయా? రెండింటికీ లేదన్న జవాబు వస్తే ఆ ఫలితాన్ని మరింత శ్రద్ధగా పట్టించుకోవాలి.

ఇంటి జాగ్రత్తలలో మొదటిది పాలు. కాలిఫోర్నియాలో 2024 నవంబరులో దుకాణంలో అమ్మిన పచ్చిపాలలోనే వైరస్ దొరికి, వాటిని వెనక్కి రప్పించవలసి వచ్చింది. పాశ్చరైజ్ చేసిన పాలను కూడా మళ్లీ పొంగు వచ్చేదాకా కాచే మన అమ్మమ్మల అలవాటు ఈ విషయంలో అనవసరమే అయినా, పచ్చిపాల మోజు కంటే వెయ్యి రెట్లు నయం. పిల్లికి కూడా పచ్చిపాలు, పచ్చిమాంసం పెట్టకూడదు. ఈ వైరస్ సోకి పిల్లులు చనిపోయాయి. కోడిమాంసాన్ని లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరేలా ఉడికిస్తే చాలు, గుడ్లు మానేయనక్కరలేదు. కుళాయి నీటికి ఈ ఫలితంతో సంబంధం లేదు, ఎందుకంటే తాగునీటి శుద్ధి వేరే వ్యవస్థ. పెరట్లో కోళ్లు పెంచేవారు వాటిని అడవి బాతుల దగ్గరికి పోనివ్వకూడదు, చచ్చిన పక్షిని వట్టి చేతులతో తాకకూడదు. అలా తాకిన తరువాత 10 రోజులలోపు కళ్లు ఎర్రబడినా, జ్వరం, దగ్గు వచ్చినా డాక్టరుకు ముందే ఫోన్ చేసి పక్షిని తాకిన సంగతి చెప్పాలి. 2024 నుంచి అమెరికాలో నమోదైన సుమారు 70 మానవ కేసులలో ఎక్కువ మంది ఆవుల, కోళ్ల ఫారాలలో పనిచేసేవారే, వారిలో చాలామందికి కనబడిన లక్షణం కళ్లకలకే.

ఈ పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఉన్న బంధువులకు యథాతథంగా చెప్పడం కుదరదు. హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి అక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు 2020లో నగరంలో కోవిడ్ సోకినవారు 6.6 లక్షలని అంచనా వేయగలిగారంటే, అక్కడ నమూనా తీయడానికి శుద్ధి కేంద్రాలు ఉండబట్టే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల దానిని నిర్ధారించింది చచ్చిన కోళ్ల నమూనాల నుంచే. మురుగు ఇంటి ముందు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో పోయే పల్లెలో ఫారంలో కోళ్లు ఒక్కసారిగా రాలిపోతే, వాటిని కాలువలో పారేయకుండా అదే రోజు పశుసంవర్ధక శాఖ డాక్టరుకు కబురు చేయాలి.