ఫుట్‌పాత్ మీద ఉండే మనిషిని నైట్ షెల్టర్‌కి చేర్చడం ఎలా?

చలి మొదలైందంటే హైదరాబాద్‌లో దుప్పట్ల సీజన్ కూడా మొదలవుతుంది. రాత్రి పదకొండు దాటాక కార్లు బయల్దేరతాయి. నిద్రపోతున్న మనిషి మీద దుప్పటి కప్పి, ఫ్లాష్ కొట్టి ఫొటో తీసి, స్టేటస్ పెట్టుకుని వెళ్లిపోతారు. కాసేపటికి ఇంకో కారు వస్తుంది. పెద్ద రోడ్డు మీద ఒక్కొక్కరికీ మూడేసి దుప్పట్లు అందుతాయి, రెండు సందుల లోపల పడుకున్నవాళ్లకి ఒక్కటీ ఉండదు. మూడు దుప్పట్లు పగలంతా ఎక్కడ మోసుకుని తిరుగుతారు? తెల్లారాక ఎంతకో కొంతకు అమ్మేస్తారు. ఆ సంగతి తెలిసి, ఇచ్చినాయనే "వీళ్లకి ఎంత చేసినా ఇంతే" అంటాడు.

దుప్పటి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, సంతోషం. నేను చెప్పబోయేది ఆ తర్వాతి పని. మనిషి ఇష్టపడితే నైట్ షెల్టర్‌కి, అంటే ఇల్లు లేనివాళ్లు పడుకునే నాలుగు గోడల మధ్యకి చేర్చడం, కాగితాలు పుట్టించడం, షెల్టర్ సరిగ్గా నడవకపోతే నిలదీయడం. నేను తిరిగేది హైదరాబాద్‌లో కాబట్టి ఇక్కడి లెక్కే చెప్తాను. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆఫీసుల పేర్లు మారొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

కావాల్సినవి

ఇద్దరు మనుషులు. ముగ్గురు వద్దు, ముగ్గురైతే దాడికి వచ్చినట్టుంటుంది. ఒంటరి ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఇద్దరిలో ఒకరు ఆడమనిషే ఉండాలి. చిన్న నోట్‌బుక్, పెన్ను, నీళ్ల సీసా, టీకీ ఆటోకీ చిల్లర. మెడలో ఐడీ కార్డు, సంస్థ పేరున్న టీషర్టు వద్దు. ఖాకీ రంగు ప్యాంటు అస్సలు వద్దు. ఫోన్ జేబులోంచి బయటికి రాకూడదు.

ముందు షెల్టర్ చూసి రండి

జీహెచ్ఎంసీలో ఈ షెల్టర్లను చూసేది యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం. కాల్‌సెంటర్ 040-21111111కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లో ఏముందో చెప్తారు. ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. పెద్దాసుపత్రుల దగ్గర ఉన్నవి ప్రధానంగా రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం. మీరు ఎవరికోసం వెతుకుతున్నారో దాన్నిబట్టి రెండు మూడు ఎంచుకుని స్వయంగా వెళ్లండి. ఈ రాత్రికి ఖాళీ ఉందా, గేటు ఎన్నింటికి వేస్తారు, సామాను పెట్టుకోవడానికి తాళం వేసే బీరువా ఉందా, ఆధార్ లేకపోతే ఏమంటారు, ఇవన్నీ కేర్‌టేకర్‌ని అడగండి. బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి, తలుపు గడియ వేసి చూడండి. ఆడవాళ్ల షెల్టర్‌లో గడియ పడకపోతే అక్కడ ఎవ్వరూ ఉండరు, మీరెంత ఒప్పించినా.

ఎప్పుడు వెళ్లాలి

సాయంత్రం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య. షాపుల షట్టర్లు దిగుతుంటాయి, జాగా పట్టుకోవడానికి ఒక్కొక్కరే చేరుతుంటారు, ఇంకా ఎవరూ పడుకుని ఉండరు. పది దాటాక నిద్ర లేపడం తప్పు. పొద్దున్నే వెళ్లినా లాభం లేదు, కూలి అడ్డాకి పోతారు. పెళ్లిళ్ల సీజన్‌లో మంచి ముహూర్తం ఉన్న రోజు అసలు వెళ్లొద్దు. సికింద్రాబాద్ వైపు ఫుట్‌పాత్‌ల మీద ఉండే మగవాళ్లలో చాలామంది కేటరింగ్ పనివాళ్లు. మీరు భోజనం చేసిన ఏదో ఒక పెళ్లిలో గిన్నెలు కడిగింది వాళ్లే.

అసలు కష్టం: మాట్లాడి ఒప్పించడం

నూటికి తొంభై మంది పని చెడగొట్టేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

నిలబడి మాట్లాడొద్దు. కింద కూర్చోండి, కాస్త ఎడంగా. వాళ్లు పరుచుకున్న పట్టా మీద మాత్రం వాళ్లు రమ్మనేదాకా కూర్చోవద్దు. అది వాళ్ల ఇల్లు. చెప్పులు విడిచి కూర్చుంటే ఇంకా మంచిది.

"మీది ఏ ఊరు?" అని మొదలుపెట్టొద్దు. బస్సులో పక్కసీటు మనిషిని అడిగినట్టు నోటికి వచ్చేస్తుంది, నాకు తెలుసు. కానీ ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి అది పోలీసు అడిగే మొదటి ప్రశ్న. ఊరు, కులం, పిల్లలు, "ఎందుకొచ్చేశారు", ఇవేవీ మీరు అడగకూడదు. వాళ్లు చెప్తే వినండి. ఈ పూట గురించి అడగండి: "ఈ షట్టర్ ఎన్నింటికి దించుతారు అన్నా?", "ఇక్కడ దోమలు ఎక్కువేనా అమ్మా?" అన్నా, అక్కా, అమ్మా, పెద్దాయనా, పాతబస్తీ వైపైతే చాచా, ఖాలా. ఎవరినైనా "మీరు" అనే పిలవాలి. బట్టలు మాసి ఉన్నాయని "నువ్వు"లోకి దిగే చదువుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

టీ తెప్పించండి. మీరూ తాగండి. మీరు తాగకుండా వాళ్లకి మాత్రమే ఇస్తే అది దానం అవుతుంది. కలిసి తాగితే కబుర్లు అవుతాయి. బిస్కెట్ పొట్లాలు వద్దు, చుట్టుపక్కల అందరూ మూగి మాట తెగిపోతుంది.

మొదటి రోజు షెల్టర్ ఊసే ఎత్తొద్దు. దీని మీద నాతో వాదించేవాళ్లున్నారు. "చలిలో మనిషి పడి ఉంటే మీరు టీ తాగి వచ్చేస్తారా?" అంటారు. వాళ్ల పద్ధతి ఏమిటంటే వ్యాను తెచ్చి, గంటలో పదిమందిని ఎక్కించి, లెక్క రాసుకోవడం. రెండో రోజుకి ఆ పదిమందీ వెనక్కి వస్తారు. వాళ్ల మాట విని మిగతావాళ్లు జాగా మార్చేస్తారు. తర్వాత మనం నెలంతా తిరిగినా ఆ వీధిలో ఎవరూ నోరు విప్పరు.

వ్యాను అంటే ఎందుకంత భయమో కూడా తెలుసుకోండి. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు నగర పోలీసులు రోడ్ల మీద అడుక్కోవడాన్ని నిషేధించారు. దొరికినవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గర పెట్టిన ఆశ్రమాలకు తరలించారు. అప్పటి మాట ఇంకా ఫుట్‌పాత్‌ల మీద తిరుగుతూనే ఉంది. రోజంతా కూలి చేసి, చెత్త ఏరి, బస్తాలు మోసి వచ్చి పడుకునే మనిషికి కూడా "బిచ్చగాడివి" అని ఎత్తుకుపోతారేమోనన్న టెన్షన్ ఉంటుంది. ఇల్లు లేకపోవడం వేరు, అడుక్కోవడం వేరు. ఈ తేడా తెలియనివాళ్లని మీ వెంట తీసుకెళ్లకండి.

రెండోసారో మూడోసారో, వాళ్లే మిమ్మల్ని గుర్తుపట్టి పలకరించాక, షెల్టర్ మాట ఎత్తండి. మొదట "వద్దు" అనే అంటారు. అక్కడ ఆగి, ఆ వద్దు దేని గురించో వినాలి. అడ్డాకి దూరమైతే పొద్దున్న కూలి పోతుంది. భార్యాభర్తలైతే చెరో షెల్టర్‌కి పోవాలి. మేస్త్రీ బాకీ పడ్డ కూలి డబ్బులు ఇంకా రాలేదు, ఆ వీధి వదిలితే అవి గోవిందా. తాగే అలవాటుంది, లోపలికి రానివ్వరు. వెంట కుక్క ఉంది. ఒక్కోదానికి ఒక్కో దారి. అడ్డాకి దగ్గరి షెల్టర్ వెతకొచ్చు, కేర్‌టేకర్‌తో ముందే మాట్లాడొచ్చు. కొన్నిటికి దారి లేదు. లేదని చెప్పేయండి. "అన్నీ నేను చూసుకుంటా" అన్న మాట ఒక్కసారి అబద్ధమైతే మీ పని అయిపోయినట్టే.

ఇక మూట. "వద్దు" వెనక ఎక్కువసార్లు ఉండేది అదే. ఎప్పుడైనా వాళ్లంతట వాళ్లు విప్పితే చూడండి: రెండు జతల బట్టలు, సత్తు గిన్నె, ఉప్పు పొట్లం, పాలిథిన్ కవర్‌లో ఇంకో కవరు, అందులో మడత మీద మడత పెట్టిన ఆసుపత్రి ఓపీ చీటీ, చెమ్మకి అంచులు అతుక్కుపోయిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో. పడుకునేటప్పుడు మూట తాడు మణికట్టుకి కట్టుకుంటారు, చెప్పులు తలకింద పెట్టుకుంటారు. ఆ మూటని మీరు తాకకూడదు, ఎత్తకూడదు, సాయం చేస్తున్నామనుకుని సర్దకూడదు. "ఇదంతా ఎందుకు, అక్కడ కొత్తవి ఇస్తారు" అన్నారంటే పని చెడినట్టే. "సామాను ఎక్కడ పెట్టుకుందాం?" అని మీరే ముందు అడగండి. తాళం బీరువా ఉందో లేదో చూసి రమ్మన్నది ఇందుకే.

ఒప్పుకున్నాక కూడా "పదండి, ఉందురుగాని" అనొద్దు. "ఒకసారి చూసి వద్దాం" అనండి. ఆటోలో తీసుకెళ్లండి, తిరుగు ఆటో డబ్బులు కూడా మీవేనని ఎక్కేముందే చెప్పండి. వెనక్కి వచ్చే దారి ఉందని తెలిస్తేనే మనిషి లోపలికి అడుగు పెడతాడు. ఈలోగా ఫుట్‌పాత్ మీద జాగా పోకుండా పక్కనుండే మనిషిని చూసుకోమనండి, మంచి జాగా పోతే మళ్లీ దొరకడం కష్టం. షెల్టర్‌లో వాళ్లే మంచం చూసుకోవాలి, బాత్రూమ్ చూసుకోవాలి, కేర్‌టేకర్‌తో మాట్లాడుకోవాలి. మీరు గేటు దగ్గరే ఉండండి. ఉంటామంటే ఉండనివ్వండి, వస్తామంటే మారుమాట లేకుండా తీసుకొచ్చేయండి. ఉన్నవాళ్ల దగ్గరికి మర్నాడు పొద్దున్నే వెళ్లాలి. మొదటి రాత్రి పక్క మంచం వాళ్లతో గొడవైతే మీకు తెలియకుండానే వెళ్లిపోతారు.

ఒప్పుదల కోసం ఆగకూడని సందర్భాలు

స్పృహ లేకపోతే, జ్వరంతో వణుకుతుంటే, పుండులో పురుగులు కనిపిస్తే వెంటనే 108. పిల్లలు ఒంటరిగా ఉంటే 1098. ఆడమనిషి ప్రమాదంలో ఉంటే 181, లేదా 112. అరవై దాటిన పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

మతి స్థిమితం లేక తిరిగేవాళ్ల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 100వ సెక్షన్ ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ రాసి, ఇంటివాళ్లని వెతకాలి. ఆ సెక్షన్ ఒక పేజీ ప్రింటు తీసుకుని వెళ్లండి. స్టేషన్‌లో గొంతు పెంచడం కంటే కాగితం చూపించడం బాగా పనిచేస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా మీరూ వెంట వెళ్లండి. ఎవరో చెప్పారని ఊరి బయట గేటుకి తాళం వేసి ఉంచే ప్రైవేటు ఆశ్రమంలో మాత్రం దింపి రావొద్దు.

కాగితాలు

ఆధార్ లేదంటే కొత్తదానికి పరిగెత్తొద్దు. చాలామందికి ఎప్పుడో తీసింది ఉంటుంది, నంబరు పోయి ఉంటుంది. ఆధార్ సెంటర్‌లో వేలిముద్రతో వెతకొచ్చు. కూలి చేసి ముద్రలు అరిగిపోతే కంటిపాపతో ప్రయత్నించమనండి. అసలు లేకపోతే, గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుల సర్టిఫికెట్ పనికొస్తుంది.

ఓటు ఇంతకంటే తేలిక, అయినా ఎవరూ చేయించరు. ఇల్లు లేనివాళ్లకి అడ్రసు రుజువు కాగితం అక్కర్లేదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బూత్ లెవెల్ అధికారి (బీఎల్ఓ) రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నదీ లేనిదీ చూడాలి. ఎన్నికల సంఘం నియమమే ఇది. బీఎల్ఓకి ఆ సంగతి తెలియకపోతే మీరు చెప్పండి. ఫుట్‌పాత్ మీది మనుషులకు ఓటు ఉందని తెలిస్తే కార్పొరేటర్ ఆ వీధిలో ఎలా నడుస్తాడో చూడండి, నా అనుభవంలో ఏ వినతిపత్రమూ అంత పనిచేయలేదు.

నిలదీయడం

ఒక్కొక్కరినీ చేరుస్తూ పోతే చాలదు, మంచాలు అయిపోతాయి. లక్ష పట్టణ జనాభాకి కనీసం ఒక షెల్టర్, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలన్నది 2010లో సుప్రీంకోర్టు ఆదేశాలతో వచ్చిన లెక్క. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లోనూ అదే ఉంది, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటుతో సహా. 2011 జనాభా లెక్కల్లో జీహెచ్ఎంసీ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం. అప్పటి లెక్క ప్రకారమే కనీసం 67 షెల్టర్లు ఉండాలి. ఎన్ని ఉన్నాయో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేసి అడగండి.

"షెల్టర్ల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఒక లైన్ జవాబు వస్తుంది. విడివిడిగా అడగండి: ప్రతి షెల్టర్ అడ్రసు, ఎంతమందికి చోటు, ఆడవాళ్లకి ఎన్ని, గత మూడు నెలల హాజరు రిజిస్టర్ నకళ్లు, నిర్వహణకు విడుదలైన డబ్బు, అది విడుదలైన తేదీ. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా, తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. జవాబు చేతికొచ్చాక, రిజిస్టర్‌లో మంచాలన్నీ నిండినట్టున్న రాత్రి మీరు వెళ్లి చూసినప్పుడు ఎన్ని ఖాళీగా ఉన్నాయో పక్కపక్కన రాసి, సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకునేదాకా కౌంటరు దగ్గరి నుంచి కదలొద్దు.