విరిగిన సైడు అద్దం, మూడు స్క్రూలు

తెనాలి పాత వీధుల్లో రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. మా వీధీ అంతే. మొన్న శ్రావణంలో మంచినీళ్ల క్యాన్లు వేసే ట్రాలీ ఆటో ఒకటి, గోడవారగా పెట్టిన మా వ్యాగన్ ఆర్ ఎడమ అద్దాన్ని తగిలించుకుని పోయింది. నేను బయటికొచ్చి చూసేసరికి అద్దం మెడ విరిచిన కోడిలా వేలాడుతోంది.

"షెడ్డుకి ఇచ్చెయ్యండి, మీకెందుకండీ" అంది మా ఆవిడ. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, మూడు స్క్రూల పనికి షెడ్డుకి పోవడం నామోషీ అనిపించింది. మొదటిసారి కాబట్టి గంటన్నర పట్టింది. అందులో ముప్పావుగంట ఎలా పోయిందో ముందు ముందు చెప్తాను.

ముందు ఏం విరిగిందో చూసుకోండి. గాజు మాత్రమే పగిలి చుట్టూ ఉన్న డొప్ప గట్టిగా ఉంటే గాజు ప్లేటు ఒక్కటీ కొంటే చాలు. డొప్ప మడతపడే చోట విరిగితే మొత్తం సెట్టు మార్చాలి. జిగురు పెట్టి సరిపెట్టుకున్నవాళ్లు మా వీధిలో ఇద్దరున్నారు. ఇద్దరి అద్దాలూ స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడల్లా వణుకుతాయి, వెనక లారీ ఉందో బస్సు ఉందో తెలియదు.

ఇంకో చిట్కా కూడా చాలామంది చెప్తారు: ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో అద్దం ముక్క కోయించి అతికించుకోమని. దయచేసి ఆ పని చెయ్యకండి. కారు ఎడమ అద్దం బల్లపరుపుగా ఉండదు, కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పదో తరగతిలో బట్టీపట్టిన కుంభాకార దర్పణం ఇదే: ప్రతిబింబం నిటారుగా, చిన్నదిగా, మిథ్యగా ఉంటుంది. చిన్నదిగా చూపిస్తుంది కాబట్టే అంత చిన్న గాజులో రోడ్డంతా పడుతుంది. వచ్చే బండి ఉన్నదానికన్నా దూరంగా అనిపించేదీ అందుకే; గాజు మీద ఇంగ్లీషులో రాసే హెచ్చరిక దాని గురించే. అక్కడ మామూలు అద్దం ముక్క పెడితే పక్కనే వచ్చే స్కూటరు మీ కంట పడదు.

ఇక కొనడం. నేను విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. వెళ్లేముందు కారు ఎదురుగా నిలబడి, విరిగింది ఏ పక్కో చీటీ మీద రాసుకున్నాను. అదే తప్పు. కారుకి కుడి, ఎడమ అనేవి డ్రైవరు సీట్లో ముందుకి చూస్తూ కూర్చుని చెప్పుకోవాలి. డబ్బా మీద ఎల్‌హెచ్ అని ఉంటే ఎడమది, ఆర్‌హెచ్ అని ఉంటే కుడిది. నేను ఆర్‌హెచ్ కొనుక్కుని ఇంటిదాకా వచ్చి, మర్నాడు మళ్లీ బస్సెక్కాను. కొట్లో కుర్రాడు "ఏం మాస్టారూ, అద్దంలో చూసి రాసుకున్నారా" అన్నాడు. మీరు బండి మోడలు, తయారైన సంవత్సరం రాసుకోండి, విరిగిన అద్దాన్ని ఫోనులో ఫొటో తీసుకెళ్లండి. లోపలి పుల్లతో తిప్పేదా, స్విచ్చితో తిరిగేదా అన్నదీ చెప్పండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదానికి బదులు ఇంకోటి పనికిరాదు.

మాది పుల్ల రకం, వైర్ల గొడవ లేదు. కావాల్సిన సామాను స్టారు స్క్రూడ్రైవరు, పాత ప్లాస్టిక్ స్కేలు, ఒక తువ్వాలు. కొన్ని బండ్లకి స్క్రూల బదులు నట్లుంటాయి, వాటికి పది నంబరు బాక్సు స్పానరు చూసుకోండి.

డోరు గ్లాసు పూర్తిగా దించండి, బయట అద్దాన్ని పట్టుకోవడానికి చెయ్యి పోవాలి. పుల్ల చివర ఉన్న టోపీని మీవైపు లాగితే ఊడొస్తుంది. అద్దం వెనక, డోరు లోపలివైపు మూలన, మూడు కోణాల ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాని అంచులోకి స్కేలు దూర్చి మెల్లగా ఎత్తండి. క్లిప్పు వదిలినప్పుడు 'టక్' మంటుంది. విరిగిందేమోనని నా గుండె కూడా టక్కుమంది, ఏం కాలేదు. మూత కింద మూడు స్క్రూలు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తువ్వాల్ని మడిచి, గ్లాసు దిగే సందులో, స్క్రూల కింద ఉన్న ఖాళీల్లో నిండా కుక్కండి. నేను కుక్కలేదు. రెండో స్క్రూ వేళ్ల మధ్య నుంచి జారి డోరు లోపలికి పోయింది, కింద ఎక్కడో గలగలమంది. స్పీకరులోంచి ఊడిన గుండ్రటి అయస్కాంతానికి దారం కట్టి, బావిలో బిందె వెతికినట్టు వెతికాను. నేను చెప్పిన ముప్పావుగంట అదే.

మూడో స్క్రూ తీసేటప్పుడు రెండో చేత్తో బయట అద్దాన్ని పట్టుకోండి, లేకపోతే పడిపోతూ డోరు పెయింటుని గీసుకుంటుంది. అది వచ్చేశాక ఆ చోట ఏళ్ల దుమ్ము, సాలెగూడు ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

కొత్తది పెట్టేటప్పుడు అడుగునున్న రబ్బరు మడతపడకుండా చూడండి. మడతపడితే వానకి నీళ్లు దిగుతాయి, బండి వేగం అరవై దాటితే ఈల వేస్తుంది. మూడు స్క్రూలూ ముందు చేత్తోనే సగం దాకా ఎక్కించి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకదాన్ని ముందే పూర్తిగా బిగిస్తే మిగతా రెంటికీ బెజ్జాలు కలవవు.

స్విచ్చి రకమైతే వైరు ప్లగ్గు చాలా బండ్లలో డోరు ప్యాడు వెనక ఉంటుంది. తాళం ఆఫ్ చేసి, హ్యాండిలు దగ్గర, చెయ్యి పెట్టుకునే గుంటలో మూతల కింద దాగిన స్క్రూలు తీసి, ప్యాడుని కింది అంచు నుంచి క్లిప్పు క్లిప్పుగా వదిలించాలి. ప్యాడుకి వెనకవైపున కిటికీ స్విచ్చి వైర్లుంటాయి, ఒక్కసారిగా లాగకండి. డోరులో ఎయిర్‌బ్యాగు ఉన్న బండైతే నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి.

గాజు ఒక్కటే మార్చేవాళ్లు పగిలిన గాజు మీద అడ్డంగా నిలువుగా టేపు అంటించి, చేతికి మందపాటి గ్లవుజు వేసుకోండి. గాజుని లోపలి అంచువైపు నొక్కితే బయటి అంచు పైకి లేస్తుంది, అక్కడ స్కేలు పెట్టి ఎత్తాలి. ఎండలో కాసేపు ఉంచిన బండికి క్లిప్పులు తేలిగ్గా వదుల్తాయి. కొత్తదాన్ని అరచేత్తో సరిగ్గా మధ్యలో నొక్కాలి. అంచు మీద నొక్కితే చిట్లుతుంది.

అద్దం సరిచేసుకునేది మీ మామూలు సీటు ఎత్తులో కూర్చుని. కారు ఒళ్లు సన్నటి గీతలా లోపలి అంచున కనపడాలి, ఆకాశం రోడ్డు చెరిసగం రావాలి. మా మనవణ్ణి కారు వెనక ఎడమవైపు నుంచి సైకిలు మీద రమ్మన్నాను. వాడు ఎక్కడ మాయమవుతున్నాడో మూడుసార్లు చూసుకుని, పుల్ల అటూ ఇటూ జరిపాను. నాలుగోసారి వాడు ఐస్‌క్రీము అడిగాడు.

రాత్రిళ్లు ఇప్పుడు బండి పెట్టగానే ఎడమ అద్దం మడిచేస్తున్నాను. ఆ ట్రాలీ ఆటో ఇంకా మా వీధినే తిరుగుతోంది.