వేసిన బొమ్మలను ఫోన్‌తో ఫొటో తీసి నలుగురికీ చూపించడం ఎలా?

పోయిన నెల ఒంగోలు గిత్తని నీటిరంగుల్లో వేశాను. ఆగలేక రాత్రే బల్బు కింద ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను. మా తాతయ్య చూసి, "ఏందమ్మా, గిత్తకి పచ్చకామెర్లు వచ్చినయ్యా?" అన్నాడు. ఎడ్లతో పెరిగిన మనిషి, ఊరికే వదలడు. కాగితం మీద మాత్రం గిత్త తెల్లగానే ఉంది. ఆ తర్వాత తిప్పలు పడి నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ఏరండి
నెలంతా వేసినవన్నీ పెట్టకండి, నాలుగైదు చాలు. వాటిలో ఒకటి చెడిపోయిన బొమ్మ ఉన్నా పర్లేదు. వేరేవాళ్లవి చూసేటప్పుడు నేను వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

2. కాగితం చదును చేయండి
నీటిరంగు పడితే కాగితం ఉబ్బుతుంది, ఆ ఎత్తుపల్లాలు ఫొటోలో నీడలుగా కనిపిస్తాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితానికి ఈ బాధ తక్కువ. ఉబ్బితే, రంగు పూర్తిగా ఆరాక వెనకవైపు తడిగుడ్డతో పైపైన తుడిచి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి, లావు పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. అక్టోబరు, నవంబరు ముసురులో మన వైపు ఒక రాత్రి చాలదు, రెండు రోజులు వదిలేయండి.

3. ఫొటో తీయండి
అసలు పని ఇదే. పొద్దున పూట, ఎండ నేరుగా పడని వరండా మంచిది. ఇంట్లో లైట్లు ఆపేయండి. పగటి వెలుతురులో బల్బు వెలుతురు కలిస్తే ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం కొడుతుంది. గోడల రంగు కూడా చూసుకోండి. మా ఎదురింటి ఆకుపచ్చ గోడ వల్ల నా కొత్తపట్నం సముద్రం రెండుసార్లు చెరువైపోయింది.

బొమ్మని గోడకి నిటారుగా ఆనించి, ఫోన్‌ని సరిగ్గా దాని మధ్యకి ఎదురుగా పట్టుకోండి. దగ్గరికి వెళ్తే అంచులు వంగుతాయి. మూడు నాలుగు అడుగులు వెనక్కి వచ్చి కొంచెం జూమ్ చేయండి. పెన్సిల్ బొమ్మ మెరుస్తుంటే వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పండి.

ఇక తెలుపు, నలుపు. కెమెరా దేన్నైనా ఒక మోస్తరు బూడిద రంగు వైపు లాగుతుంది. అందుకే తెల్ల కాగితం మీద తెల్ల గిత్త మాసిపోయినట్టు వస్తుంది. చాలా ఫోన్లలో తెర మీద బొమ్మని నొక్కి పట్టుకుంటే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కాస్త పైకి జరపండి. మరీ జరిపితే మెడ మీద, మూపురం మీద ఉండే బూడిద ఛాయ ఎగిరిపోతుంది, అది లేకపోతే గిత్త గిత్తలా ఉండదు. చీమకుర్తి నల్ల గ్రానైట్ రాయిని వేసిన బొమ్మకైతే దీనికి తిరగేసి చేయాలి. గుర్తుని కిందికి దించితేనే నలుపు నలుపుగా ఉండి, అందులో బంగారు చుక్కలు కనిపిస్తాయి.

4. సరిచూడండి
బొమ్మని పక్కన పెట్టుకుని ఫొటోతో పోల్చండి. అంచులు కత్తిరించండి. ఫిల్టర్ల జోలికి మాత్రం పోవద్దు.

5. నాలుగు మాటలు రాయండి
సైజు, రంగులు, ఎక్కడ కూర్చుని వేశారు, ఎంతసేపు పట్టింది, ఇవి చాలు. మీ సంగతులు రెండు వాక్యాలు మించకుండా, జరిగింది జరిగినట్టు రాయండి. నేను ఈసారి ఇలా రాశాను: "పరీక్షల టెన్షన్‌లో మూడు వారాలు కుంచె పట్టలేదు. మొదటి గీతకే చేయి వణికింది." గిత్త కింద, బ్రెజిల్లో ఈ జాతిని మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అంటారని కూడా చేర్చాను. బొమ్మ కంటే ఆ ముక్క గురించే ఎక్కువమంది అడిగారు, కాస్త కడుపుమంటగానే ఉంది.

బొమ్మలో గుర్తుపట్టేలా మనిషి ఉంటే ముందు వాళ్లని అడగండి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన "వేసుకో గానీ ఎవరికీ పంపబాక" అన్నాడు. అది నా పుస్తకంలోనే ఉంది.

గిత్తని మళ్లీ పగటి వెలుతురులో తీసి పంపాను. తాతయ్య ఈసారి రంగు సంగతి ఎత్తలేదు. "గంగడోలు ఇంత చిన్నదైతే అది గిత్తెట్లా అయిద్ది?" అన్నాడు. ఇంకో కాగితం తీశాను.